పీలింగ్ లైనుకి డ్యూటీ చార్టు ఎలా రాయాలి? చేతులు పాడవకూడదు, కేజీలూ పడిపోకూడదు

పెన్నా_గట్టు
నెల్లూరు దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో షిఫ్ట్ సూపర్వైజర్‌ని. నా కింద రెండు లైన్లు, 64 మంది ఆడవాళ్లు. తల తీయడం, ఒల్చడం, నరం తీయడం, గ్రేడింగ్, ట్రేల్లో పేర్చడం. ఎవరు ఏ టేబుల్ దగ్గర నిలబడాలో రోజూ పొద్దున చార్టు రాసేది నేనే.

మేనేజర్ గారిది ఒకటే మాట. ఎవరు దేంట్లో స్పీడో వాళ్లని అక్కడే ఉంచు, కదిలించొద్దు. మూడేళ్లుగా అట్లాగే నడిపాం. స్పీడ్ వచ్చిన మాట నిజం. కానీ నా లైన్లో అందరికన్నా బాగా ఒలిచే అయిదుగురిలో ముగ్గురు ఈ ఏడాదిలోనే మానేశారు. ముగ్గురికీ ఒకటే చోట నొప్పి, బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన. మూడో ఆవిడ లెక్క తేల్చుకుని వెళ్లే రోజు రిజిస్టర్లో సంతకం పెట్టమంటే పెన్ను రెండుసార్లు జారింది. చివరికి ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని పెట్టింది. రోజంతా కత్తిలాగా పనిచేసిన చెయ్యి అది. ఆ రోజు ఇంటికెళ్లాక అన్నం సయించలేదు నాకు.

పోయిన నెల ఎవరికీ చెప్పకుండా గంట గంటకీ మనుషుల్ని మార్చి చూశా. నాలుగు రోజుల్లో కేజీలు పడిపోయాయి. మేనేజర్ తిట్టాడు సరే, అంతకన్నా ఎక్కువ ఆ ఆడవాళ్లే తిట్టారు. వాళ్లది కేజీ లెక్క కూలి. అయిదో రోజు మళ్లీ పాత చార్టే.

ఈ పని సక్రమంగా చేసినవాళ్లు ఎవరన్నా ఉంటే చెప్పండి. పేపర్ మీద బాగుండే మాటలు కాదు, లైన్లో నిలబడేవి కావాలి.

కావలి_బుల్లెట్
మేనేజర్ చెప్పిందే కరెక్ట్ అన్నా. మంగలి షాపులో కూడా గడ్డం చేసేవాడు గడ్డమే చేస్తే చెయ్యి తిరుగుద్ది. మార్చుకుంటా పోతే అందరూ అన్నిట్లో సగం సగం.

రాత్రి_షిఫ్ట్
చెయ్యి తిరిగింది, తిరిగి తిరిగి ఆగిపోయింది కదా బుల్లెట్. పైన రాసింది అదే.

మిషన్_కుట్టు
గార్మెంట్స్‌లో లైన్ చూశా ఏడేళ్లు. గంటకోసారి మార్చడం తప్పు. లాట్ మధ్యలో మారిస్తే చెయ్యి కుదురుకునే లోపే ఇంకో పని వచ్చి పడుతుంది. మేం టీ బ్రేక్ దగ్గరా భోజనాల దగ్గరా మాత్రమే మార్చేవాళ్లం. ఎట్లాగూ చేతులు ఆగే టైమే కాబట్టి మార్చినందుకు విడిగా నష్టం ఉండదు.

ఇంకోటి, గోడ మీద ఒక చార్ట్ ఉండేది. అడ్డంగా పనులు, నిలువుగా పేర్లు. ఒక్కో గడిలో గుండ్రం. పని అసలు రాకపోతే ఖాళీ, నేర్చుకుంటుంటే పావు, ఒంటరిగా చేయగలిగితే సగం, స్పీడుతో చేస్తే ముప్పావు, ఇంకొకరికి నేర్పగలిగితే నిండు. ఏ పని కిందన్నా నిండు గుండ్రాలు రెండే ఉన్నాయంటే ఆ పని ప్రమాదంలో ఉన్నట్టు. వాళ్లిద్దరూ ఒకే పెళ్లికి వెళ్తే లైన్ ఆగినట్టే.

పెన్నా_గట్టు
పెళ్లి దాకా ఎందుకు, రొట్టెల పండగ చాలు. మొన్న స్వర్ణాల చెరువు దగ్గర జనం ఎక్కువున్న రెండు రోజులూ నరం తీసే టేబుల్లో సగం ఖాళీ. మిగతా వాళ్లకి సూది పట్టుకోవడం రాదు. 1 టన్ను మెటీరియల్ ఐస్‌లో కూర్చుంది.

ఫిజియో_అక్క_ఒంగోలు
పెన్నా గట్టు, మీరు ఏ పని నుంచి ఏ పనికి మార్చారు? అది చెప్పండి ముందు.

పెన్నా_గట్టు
తల తీసేవాళ్లని ఒలిచే దగ్గరకి, ఒలిచేవాళ్లని నరం దగ్గరకి, నరం వాళ్లని తల దగ్గరకి అక్కా.

ఫిజియో_అక్క_ఒంగోలు
అదే అనుకున్నా. అది మార్పే కాదు నాయనా. టేబుల్ మారింది, చెయ్యి మారలేదు. తల తుంచేటప్పుడు బొటనవేలు, చూపుడువేలు గట్టిగా అదిమి మణికట్టు తిప్పుతారు. ఒల్చేటప్పుడు అదే బొటనవేలు పొట్టు కిందకి దూర్చి లాగుతారు. నరం తీసేటప్పుడు అవే రెండు వేళ్లతో సూది పట్టుకుంటారు. మూడు పనుల్లోనూ బరువు పడేది బొటనవేలిని లాగే కండరాల తాళ్ల (టెండన్ల) మీదే. అక్కడ రెండు తాళ్లు ఒకే సన్నని గొట్టంలోంచి వెళ్తాయి. రుద్దుకుని రుద్దుకుని ఆ గొట్టం వాస్తుంది. డీ కెర్వాన్ అంటారు. మీరు చెప్పిన చోటే నొప్పి.

ఇంట్లో చూసుకోడానికి ఒక పద్ధతి. బొటనవేలిని గుప్పిట్లో మూసి, మణికట్టుని చిటికెనవేలి వైపు మెల్లగా వంచాలి. బొటనవేలి మొదట్లో చురుక్కుమంటే ఎముకల డాక్టర్‌కి చూపించుకోవాలి. ఇక్కడ రాసినదాన్ని బట్టి ఎవరూ మందులు కొనుక్కోవద్దు.

కాబట్టి చార్టు రాసే ముందు పనుల్ని పేర్లతో కాకుండా ఒంట్లో ఏ భాగం అరుగుతుందో దాన్ని బట్టి విడదీయండి. బొటనవేలి పనులు ఒక గుంపు. నడుం, భుజం పనులు ఒక గుంపు, క్రేట్లు మోయడం, ఐస్ కొట్టడం లాంటివి. కంటి పనులు ఒక గుంపు, గ్రేడింగ్, ఏరడం. ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకి పంపితేనే ఆ భాగానికి విశ్రాంతి.

గెలాక్సీ_రాయి
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు. మాది చీమకుర్తి, గ్రానైట్. మా దగ్గర ఎడ్జ్ పాలిష్ చేసే నా తమ్ముణ్ణి "మార్చాం" అని చెప్పి కటింగ్ గ్రైండర్ ఇచ్చారు. రెండిట్లోనూ చేతికి వచ్చేది ఒకటే అదురు. ఆరు నెలల్లో వాడికి చలికాలం పొద్దున వేళ్ల చివర్లు తెల్లబడి మొద్దుబారిపోయేవి. చొక్కా గుండీ మరదలు పెట్టేది. పని పేరు మారిస్తే ఒళ్లు మోసపోదు.

కోవూరు_చెల్లి
నేను ఒల్చే పనే చేస్తా, వేరే ప్లాంటులో. పదకొండేళ్లు. ఫోన్లో కొట్టడం కష్టంగా ఉండాది, మా పాప కొడతా ఉండాది నేను చెప్తుంటే.

అన్నా మీరు మంచి మనసుతోనే చేసిండారు. కానీ మమ్మల్ని అడగలేదే. ఒల్చే దగ్గర నాకు కేజీకి ఇంత అని వస్తాది. గ్రేడింగ్‌కి పంపిస్తే అక్కడ రోజు కూలి లెక్క, తక్కువ. మూడు గంటలు గ్రేడింగ్‌లో పెట్టి నా చెయ్యి బాగుండాలి అంటే, ఆ మూడు గంటల డబ్బులు ఎవరిస్తారు? వారం వారం చీటీ కట్టాల. పిలకాయల బస్సు ఫీజు కట్టాల. నొప్పి అంటే రాత్రికి జండూబామ్ పూసుకుంటాం, ఫీజుకి బామ్ లేదు కదా.

చెయ్యి గురించి మాకు తెలీక కాదు. పొద్దున లేస్తే పొయ్యి మీద గిన్నె రెండు చేతులతో దించుతా. టిఫిన్ డబ్బా మూత మా పాప తీస్తాది. అయినా కేజీలే చూసుకుంటాం.

రాత్రి_షిఫ్ట్
ఈ పోస్ట్ పైన పెట్టాలి.

కావలి_బుల్లెట్
అక్కా, మీ మాట చదివాక మంగలి షాపు ఉదాహరణ వెనక్కి తీసుకుంటున్నా.

పాఠాల_మాస్టారు
ఇంజినీరింగ్ కాలేజీలో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ చెప్తాను. కోవూరు చెల్లెమ్మ అడిగిందే అసలు ప్రశ్న, దానికి మళ్లీ వస్తాను. ముందు నేర్చుకోవడం సంగతి.

1936లో రైట్ అనే అమెరికన్ ఇంజినీరు విమానాల తయారీ లెక్కలు చూసి ఒక సంగతి పట్టుకున్నాడు. చేసిన సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కోదానికి పట్టే సగటు టైము ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. 80 శాతం వంపు అనుకుంటే, అంటే రెట్టింపైన ప్రతిసారీ సగటు టైము 80 శాతానికి దిగితే, మొదటిదానికి 100 నిమిషాలు పడితే రెండు చేసేసరికి సగటు 80, నాలుగు చేసేసరికి 64, ఎనిమిది చేసేసరికి 51. మొదట్లో జర్రున దిగుతుంది, తర్వాత నేల పట్టినట్టు పాకుతుంది. ఒక్కో పనికి వంపు వేరు. మీ లైనుది మీరే కొలుచుకోవాలి.

దీంతో మీకు పనేంటంటే, కొత్తగా చేరినవాళ్లు వంపు నిటారుగా ఉండే చోట ఉన్నారు. వాళ్లని మారిస్తే నష్టం చాలా ఎక్కువ. పదకొండేళ్ల చెల్లెమ్మ వంపు చదునైపోయింది. ఆవిడని రెండు గంటలు వేరే చోట పెట్టినా ఒల్చే స్పీడు పెద్దగా పోదు, మళ్లీ వచ్చి కాసేపట్లోనే అందుకుంటుంది. మీరు అందరికీ ఒకే గడియారం పెట్టారు, అక్కడ దెబ్బతింది. కొత్తవాళ్లని కదపకూడదు. పాతవాళ్లని కదపాలి. అరిగిపోయిన చేతులు కూడా పాతవాళ్లవే.

మిషన్_కుట్టు
మాస్టారూ, మర్చిపోవడం కూడా కలపండి. ప్రసవానికి వెళ్లి అయిదు నెలల తర్వాత వచ్చినామెని మా ప్లానింగ్ వాళ్లు మొదటి రోజు నుంచి పూర్తి స్పీడు కింద లెక్కేసేవాళ్లు. టార్గెట్ రాకపోతే ఆమెని అనేవాళ్లు. వారం ఇస్తే తనే అందుకునేది.

పాఠాల_మాస్టారు
అవును, అది ముఖ్యం. మొదటిసారి నేర్చుకున్నదానికన్నా రెండోసారి త్వరగా వస్తుంది, కానీ మొదటి రోజే రాదు. అన్‌సీజన్ తర్వాత మళ్లీ లైన్లు మొదలుపెట్టే వారం చార్టులో ఇది చూసుకోవాలి.

ఒక మనిషికి ఒక పని జతచేసే లెక్కకి 1955లో కూన్ అనే ఆయన హంగేరియన్ పద్ధతి అని చక్కటి దారి ఇచ్చాడు, బీటెక్ పిల్లలకి చెప్తాం. కానీ ఈ గంట అలసట వచ్చే గంటకి మోసుకెళ్లడం, నేర్చుకోవడం, మర్చిపోవడం కలిస్తే ఆ లెక్క చాలదు. 64 మందికి మీరు పెన్సిల్, రబ్బరు పట్టుకుని రాసేదే మంచి మొదలు. సాఫ్ట్‌వేర్ కోసం ఆగొద్దు.

చెరువుగట్టు_రైతు
విడవలూరు వైపు చెరువులు నావి. అందరూ మనుషుల గురించే చెప్తుండారు, మంచిదే. కానీ రొయ్య ఆగదు. నేను రాత్రి 2 గంటలకి పట్టుబడి చేస్తే లారీ తెల్లారి గేట్లో ఉంటాది. ఐస్ తగ్గితే తల కాడ నల్ల మచ్చ వస్తాది, రేటులో కట్ చేస్తారు, నష్టం నాది. మీరు చార్టు దిద్దుకుంటూ కూర్చుంటే?

పెన్నా_గట్టు
అన్నా, లారీ ఎప్పుడొస్తుందో ముందురోజు సాయంత్రం ఫోన్ చేస్తే చాలు. మీలాంటివాళ్లు చెప్పకపోవడం వల్లే రెండు లారీలు ఒకేసారి పడి, నేను చార్టు చింపి "అందరూ ఒల్చే దగ్గరకి" అని అరవాల్సి వస్తుంది.

చెరువుగట్టు_రైతు
అది ఒప్పుకుంటా. కొనేవాడు చెప్తాడనుకున్నా. కౌంటు (రొయ్య సైజు) కూడా చెప్తా, వల వేసి చూసే పట్టుబడి చేస్తాం కదా.

క్యూసీ_కళ్లు
కౌంటు ముందురోజే తెలిస్తే అంతకన్నా కావాల్సిందేముంది!! ఇక్కడ ఎవరూ అనని మాట ఒకటి. మీరందరూ కేజీల్లో మాట్లాడుతున్నారు. చెయ్యి కేజీలు లెక్కపెట్టదు, రొయ్యలు లెక్కపెడుతుంది.

16/20 అంటే పౌండుకి (సుమారు 454 గ్రాములకి) 16 నుంచి 20 రొయ్యలు. కేజీకి 35 నుంచి 44. 71/90 అంటే కేజీకి 156 నుంచి 198. ఒకావిడ 30 కేజీలు ఒలిచిందనుకోండి. రొయ్యకి ఒక్కసారే అని లెక్కేసినా, పెద్ద కౌంటైతే ఎక్కువలో ఎక్కువ 1,300 సార్లు వేలు కదులుతుంది. చిన్న కౌంటైతే తక్కువలో తక్కువ 4,700 సార్లు, ఒక్కోసారి 5,900 దాకా. రిజిస్టర్లో రెండు రోజులూ "30 కేజీలు" అనే ఉంటుంది.

ఫిజియో_అక్క_ఒంగోలు
ఇది నాకు తట్టలేదు. నా దగ్గరకొచ్చే ఆడవాళ్లు "నిన్న చిన్న రొయ్య పడింది" అంటుంటే ఆ మాట ఎందుకంటున్నారో ఇప్పుడర్థమైంది.

కోవూరు_చెల్లి
చిన్న రొయ్య పడిన రోజు బస్సులో రాడ్ పట్టుకోలేం. రేటు కొంచెం ఎక్కువిస్తారు, నాలుగింతలు ఇవ్వరు.

పెన్నా_గట్టు
రెండేళ్ల రిజిస్టర్లు నా దగ్గరే ఉన్నాయి. ఈ ఆదివారం మానేసిన ముగ్గురి పేర్ల మీద కేజీలు కాకుండా రొయ్యలు లెక్కేసి చూస్తా.

క్యూసీ_కళ్లు
ఇంకో అడ్డం కూడా చూసుకోండి. పచ్చి సరుకు వైపు పనిచేసే మనిషిని ప్యాకింగ్ వైపు ఊరికే పంపకూడదు. బట్టలు, గ్లౌజులు, బూట్లు, క్లోరిన్ నీళ్లు అన్నీ మళ్లీ కావాలి. ఆడిట్‌లో ముందు చూసేది అదే. మీ మార్పులన్నీ ఒకే గోడ లోపల జరగాలి. ప్యాకింగ్‌కి పంపాలంటే భోజనం తర్వాత సగం షిఫ్టు పూర్తిగా పంపండి.

మిషన్_కుట్టు
కొత్తవాళ్లకి ఏ సైజు ఇస్తారు? పెద్దది ఇస్తే సులువు కదా నేర్చుకోడానికి.

క్యూసీ_కళ్లు
వద్దు. పెద్ద రొయ్య తెగితే పోయే డబ్బు ఎక్కువ. 16/20 తోక విరిచేస్తే నా గుండె ఆగుతుంది.

పాఠాల_మాస్టారు
చిన్నది ఇస్తే చేతులు మొదటి వారమే పోతాయి, మనిషి పారిపోతుంది.

కోవూరు_చెల్లి
మధ్య సైజు ఇవ్వండి, 31/40. మా మేస్త్రీ అట్లనే చేసేది. పక్కన ఒక పాత మనిషిని నిలబెట్టి, "ఆమె చేతులు చూడు, మొహం చూడబాకు" అనేది. పొట్టు ఎక్కడ పట్టుకోవాలో చెప్తే రాదు. రెండో కణుపు, మూడో కణుపు మధ్యన వేలు పెట్టి పక్కకి తిప్పితే మూడు కణుపులు ఒకేసారి వచ్చేస్తాయి. కొత్తవాళ్లు ఒక్కో కణుపూ లాగుతారు, మూడింతలు తిప్పుతారు చెయ్యి. స్పీడ్ రాక నొప్పి కాదు, పని రాక నొప్పి వస్తాది మొదట్లో.

ఫిజియో_అక్క_ఒంగోలు
ఇది ఏ పుస్తకంలోనూ దొరకదు అమ్మా. నేర్పడంలోనే చేతిని కాపాడే కిటుకు ఉంది.

కందుకూరు_బ్యారన్
మాది పొగాకు. మా అమ్మ 30 ఏళ్లు గ్రేడింగ్ చేసింది. కింద గోతం పరుచుకుని కూర్చుని, ఒక్కో ఆకు వెలుతురుకి పెట్టి రంగు చూసి కుప్పలు పెట్టడం. వాళ్లకి ఎవరూ చార్టు రాయలేదు. పది మంది ఆడవాళ్లు వాళ్లలో వాళ్లే మార్చుకునేవాళ్లు. ఒకామె ఆకు తెచ్చి పోయడం, ఇద్దరు కట్టలు కట్టడం, మిగతావాళ్లు ఏరడం. మధ్యాహ్నం తర్వాత కళ్లు మసకేస్తాయని, వేలం ప్లాట్‌ఫాంకి వెళ్లే మంచి ఆకు పొద్దున పూటే ఏరేవాళ్లు. లేచి నడిచే పని ఎవరికి మోకాలు పట్టేస్తే వాళ్లకిచ్చేవాళ్లు. కూలి మాత్రం పది మందికీ సమానం. అందుకే గొడవ రాలేదు.

పెన్నా గట్టూ, చార్టు ఒక్కటే కాదు, కూలి ఎట్లా పంచుతారనేది కూడా చార్టే.

కావలి_బుల్లెట్
అంటే గుంపు మొత్తానికి కేజీలు లెక్కేసి సమానంగా పంచమంటారా?

కోవూరు_చెల్లి
అది వద్దు. నేను 40 చేసి పక్కామె 22 చేస్తే సమానం అంటే మా టేబుల్ కాడ కొట్టుకుంటాం. పది మంది ఒక ఊరోళ్లయితే జరుగుద్ది. మేం నాలుగు మండలాల నుంచి బస్సుల్లో వస్తాం.

పాఠాల_మాస్టారు
మధ్య దారి ఉంది. పోయిన రెండు వారాల్లో ఆవిడ ఒల్చే దగ్గర గంటకి సగటున ఎంత సంపాదించిందో తీయండి. గ్రేడింగ్‌కి పంపిన గంటలకి కూడా ఆ సగటే కట్టండి. అప్పుడు కదిలినందుకు ఆవిడ నష్టపోదు. స్పీడున్న మనిషి సగటు ఎక్కువ, కాబట్టి కష్టపడ్డందుకు విలువా ఉంటుంది.

కోవూరు_చెల్లి
అట్లయితే రేపే పోతా గ్రేడింగ్‌కి.

రాత్రి_షిఫ్ట్
మేనేజర్ ఒప్పుకోవాలి కదా. డబ్బు ఆయన జేబులోంచి.

క్యూసీ_కళ్లు
మేనేజర్‌కి నొప్పి కథ చెప్పొద్దు, తెగిన ముక్కలు చూపించండి. నా రిజిస్టర్లో ప్రతి రెండు గంటలకీ శాంపిల్ తీస్తాను. షిఫ్ట్ చివరి రెండు గంటల్లో విరిగినవీ, నరం మిగిలినవీ ఎక్కువ. మెలికలు తిరిగే చెయ్యి సరిగ్గా తీయలేదు. విరిగిన సరుకు రేటు ఎంత తక్కువో ఆయనకి మనకన్నా బాగా తెలుసు. ఒక మంచి మనిషి మానేస్తే ఆ చోటికి వచ్చిన కొత్త మనిషి మొదటి నెలలో ఎంత విరుస్తుందో కూడా ఆ పక్కనే రాయండి.

కందుకూరు_బ్యారన్
నొప్పి కథ కూడా చెప్పండి. ఆయనా మనిషే.

గెలాక్సీ_రాయి
మోసే పని సులువు అనుకుని అందర్నీ అటు తోయొద్దు. క్రేట్ ఎంతుంటుంది?

పెన్నా_గట్టు
ఐస్‌తో కలిపి 30 దాటుతుంది.

ఫిజియో_అక్క_ఒంగోలు
ఎక్కువ. అమెరికాలో నియోష్ అనే సంస్థ 1991లో సవరించిన లెక్క ప్రకారం అన్నీ అనుకూలంగా ఉంటే, అంటే బరువు ఒంటికి దగ్గరగా, నడుం ఎత్తులో, ఒళ్లు తిప్పకుండా ఎత్తితే, 23 కేజీలు. నేల మీద నుంచి ఎత్తినా, చేతులు చాచి ఎత్తినా అది ఇంకా తగ్గుతుంది. క్రేట్ సగమే నింపండి, లేకపోతే ట్రాలీ పెట్టండి. బొటనవేలిని కాపాడి నడుం విరగ్గొడితే ఏం లాభం.

చలి సంగతి కూడా చెప్పాలి. ఐస్‌లో వేళ్లు మొద్దుబారితే పట్టు తెలియక అవసరానికి మించి గట్టిగా నొక్కుతారు. పెద్ద సైజు గ్లౌజు వేసుకున్నా అంతే, జారుతుందని నొక్కుతారు. అందరికీ ఒకే సైజు ఇవ్వకండి. లోపల పొడి గ్లౌజు, పైన రబ్బరు. టీ బ్రేక్‌లో గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు చేతులు పెట్టించండి. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చోవడం చూశారా మీ ఆడవాళ్లు? టీ కోసం కాదు అది.

పెన్నా_గట్టు
చూశా అక్కా. ఇన్నేళ్లూ టీ చల్లారబెట్టుకుంటున్నారనుకున్నా.

రాత్రి_షిఫ్ట్
నిలబడటం గురించి ఎవరూ అనలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్‌లోనే ఉండేది, నిలబడి పనిచేసేవాళ్లకి వీలైనప్పుడల్లా కూర్చునే ఏర్పాటు ఉండాలని. 55వ సెక్షన్‌లో అయిదు గంటలు దాటకుండా కనీసం అరగంట విరామం. మా నాన్న మిల్లు యూనియన్‌లో ఉండేవాడు, ఇవి చిన్నప్పుడే విన్నా. పీటలు ఉన్నాయా మీ దగ్గర?

పెన్నా_గట్టు
గ్రేడింగ్ దగ్గర ఉన్నాయి. ఒల్చే దగ్గర లేవు. టేబుల్ ఒకే ఎత్తు, పొట్టివాళ్లు భుజాలు ఎత్తి చేస్తారు.

గెలాక్సీ_రాయి
పొట్టివాళ్ల కింద మెట్టు వెయ్యండి. టేబుల్ పొడుగు మనిషికి సరిపెట్టి, పొట్టి మనిషికి మెట్టు. మేం రాయికి అదే చేశాం. చెక్క పనికిరాదు మీకు, తడి. ప్లాస్టిక్ జాలీది, కడుక్కునేది.

పెన్నా_గట్టు
(అయిదు వారాల తర్వాత) చెప్పకపోతే బాగుండదని రాస్తున్నా.

ఆదివారం కూర్చుని రొయ్యలు లెక్కేశా. మానేసిన ముగ్గురూ చిన్న కౌంటు వచ్చిన ప్రతిసారీ ఆ టేబుల్లోనే ఉన్నారు. స్పీడని నేనే రాశా అక్కడ. నా చేతిరాతే, చార్టు మీద. రెండు సీజన్లు అదే.

ఇప్పుడు చేస్తున్నది: ఒక్క లైనుతోనే మొదలుపెట్టా, 32 మంది. పాతవాళ్లు రెండు గంటలు ఒల్చడం, టీ బ్రేక్, ఒక గంట గ్రేడింగ్ లేదా ట్రేలు, మళ్లీ ఒల్చడం. కొత్తగా చేరిన ఆరుగురిని మొదటి పది పని రోజులూ కదపలేదు, 31/40 దగ్గరే, పక్కన ఒక్కో పాత మనిషి. నేర్పినందుకు ఆ పాత మనిషికి రోజుకింత అని విడిగా ఇప్పించా. 71/90 వచ్చిన రోజు ఆ టేబుల్లో నిలబడ్డవాళ్ల పేరు పక్కన ఎర్ర చుక్క. మర్నాడు ఎర్ర చుక్క పేరు చిన్న కౌంటు టేబుల్లో రాయను.

సగటు కూలి సంగతి మేనేజర్ మొదట కొట్టిపారేశాడు. క్యూసీ కళ్లు చెప్పినట్టు మా క్యూసీ (నాణ్యత చూసే) మేడమ్‌తో చివరి రెండు గంటల లెక్క తీయించి పెట్టా. నాలుగు వారాల పాటు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు, ఒక్క లైనుకి.

కేజీలు మొదటి వారం తగ్గాయి. దాచను. రెండో వారం కూడా కొంచెం తక్కువే. మూడో వారం నుంచి పక్క లైనుతో సమానంగా ఉన్నాయి, విరిగినవి మాత్రం చివరి గంటల్లో తక్కువ. ఒక రోజు ఇద్దరు రాకపోయినా నరం టేబుల్ ఆగలేదు, ఇప్పుడు ఆ పని ఇంకో అయిదుగురికి వచ్చు.

కుదరనివీ ఉన్నాయి. ఇద్దరు పాతవాళ్లు గ్రేడింగ్‌కి వెళ్లనంటే వెళ్లనన్నారు, కంటి చూపు సరిపోదట. వాళ్లకి ట్రేలు ఇచ్చా. రెండు లారీలు ఒకేసారి పడిన రోజు చార్టు మళ్లీ చిరిగింది. మెట్లు పది వచ్చాయి, ఇరవై కావాలి.

క్యూసీ_కళ్లు
మూడో వారం నుంచి నిలబడిందంటే చాలా త్వరగా నిలబడినట్టు.

కావలి_బుల్లెట్
నొప్పి తగ్గిందా మరి? అది చెప్పలేదు.

పెన్నా_గట్టు
అయిదు వారాల్లో తెలియదు తమ్ముడూ. శనివారం శనివారం ఒక్కొక్కరినీ అడిగి రాస్తున్నా, ఎక్కడ నొప్పి, ఎంత అని. మొదటి శనివారం ఒక్కరూ చెప్పలేదు, చెప్తే పనిలోంచి తీసేస్తామని భయం. మూడో శనివారం 19 మంది చెప్పారు. నొప్పి పెరిగిందని కాదు, నోరు తెరిచారు.

ఫిజియో_అక్క_ఒంగోలు
ఆ 19 మందిలో బొటనవేలి నొప్పి ఉన్నవాళ్లని ఇప్పుడే డాక్టర్‌కి చూపించండి. మొదట్లో పట్టుకుంటే విశ్రాంతి, పట్టీతో సర్దుకునేవి చాలా ఉంటాయి. ఆలస్యమైతే ఇంజెక్షన్లు, ఆపరేషన్ దాకా వెళ్తుంది.

చెరువుగట్టు_రైతు
నేను మా ఊళ్లో నలుగురు రైతులకి చెప్పినా, ముందురోజు కౌంటు ఫోన్ చేయమని. ఇద్దరు చేస్తుండారు.

కోవూరు_చెల్లి
అన్నా, మీ పోస్ట్ మా సూపర్వైజర్‌కి చూపించినా. ఎర్ర చుక్క బాగుండాది అన్నాడు. సగటు కూలి కాడ ఆగిపోయినాడు, "మా సార్‌కి ఏ లెక్క చూపించమంటావు" అంటా ఉండాడు. మీ మేనేజర్‌కి పెట్టిన కాయితం ఉంటే పెట్టండి. ప్లాంటు పేరు కొట్టేసి పెట్టినా చాలు.

పెన్నా_గట్టు
పెడతా చెల్లెమ్మా, పేర్లు కొట్టేసి రేపు రాత్రికి ఫొటో తీసి ఇక్కడే పెడతా. ఇప్పుడు డ్యూటీకి పోవాలి. రెండు లారీలున్నాయి గేట్లో, ఒకటి 71/90. నిన్నటి ఎర్ర చుక్కలు తొమ్మిది, వాళ్లని ఎక్కడ రాయాలో ఇంకా తేలలేదు.